గోడ మీది క్యాలెండర్ ఒకటే, అందులో లెక్కలు మూడు

2015 నాటి క్యాలెండర్ అటక మీదో, పాత పుస్తకానికి అట్టగానో మిగిలి ఉంటే తీసి 2026 క్యాలెండర్ పక్కన పెట్టండి. తేదీలు, వారాలు అచ్చుగుద్దినట్టు ఒకటే. రెండేళ్లూ గురువారంతోనే మొదలవుతాయి. రెండింట్లోనూ ఫిబ్రవరి ఆదివారం మొదలై, సరిగ్గా నాలుగు వరుసల్లో, శనివారంతో అయిపోతుంది. ఇక పండుగలు చూడమని పిల్లలకు చెప్పండి. ఉగాది అప్పుడు మార్చి 21, ఇప్పుడు మార్చి 19. సంక్రాంతి రెండుసార్లూ జనవరి నడుమే. రంజాన్ పండుగ మాత్రం 2015లో జులై 18న వస్తే, 2026లో మార్చి మూడో వారానికే వచ్చేస్తుంది.

ఆరో తరగతి పిల్లలు కూడా దీని గుట్టు కనిపెట్టగలరు. కావలసింది తీసివేత, గుణకారం అంతే. చంద్రుడి లెక్కన నెలకు సుమారు 29 రోజులన్నర, 12 నెలలకు 354 రోజులు. సూర్యుడి లెక్కన ఏడాదికి 365. తేడా 11. ముస్లింల పండుగలు లెక్కపెట్టే హిజ్రీ క్యాలెండర్ ఆ తేడాను సర్దే ప్రయత్నం చేయదు. అందుకే రంజాన్ ఏటా 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతూ, 11 ఏళ్లలో దాదాపు నాలుగు నెలలు ముందుకొచ్చింది. మన పంచాంగం కూడా నెలను చంద్రుడితోనే లెక్కపెడుతుంది కానీ, రెండున్నర మూడేళ్లకోసారి అధిక మాసం వేసి బాకీ తీర్చేస్తుంది. ఈ రెండు ఉగాదుల మధ్య వచ్చినవి సరిగ్గా నాలుగు: 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం. నాలుగు నెలలు జారిపోవాల్సిన ఉగాది రెండు రోజుల తేడాతో ఆగింది వీటివల్లే. సంక్రాంతికి ఈ గొడవే లేదు, అది సూర్యుడు మకరంలోకి వచ్చే రోజు. ఇంత అర్థమయ్యాక, 2025లో అక్టోబరు 20న వచ్చిన దీపావళి 2026లో నవంబరు 8కి ఎందుకు వెళ్లిందో పిల్లలే చెప్పేస్తారు. 2026 మే 17 నుంచి అధిక జ్యేష్ఠం ఉంది మరి.

ఈరోజు తేదీ తెలియడానికైతే ఫోన్ చాలు. కానీ ఫోన్ జవాబు చెప్పి ఊరుకుంటుంది, గోడ క్యాలెండర్ లెక్కంతా కళ్ల ముందు పరుస్తుంది. పైగా అది ఇంట్లో అందరిదీ. నానమ్మ ఏకాదశి వెతికే గడిలోనే అమ్మ గ్యాస్ బండ పెట్టిన రోజు రాసుకుంటుంది, పిల్లాడు స్కూలు సెలవు చూసుకుంటాడు. ఒకే రోజును పక్కింటి వాళ్లు మరోలా లెక్కపెట్టవచ్చని, రెండూ సరైనవే కావచ్చని పిల్లలకు పాఠంగా చెప్తే ఎక్కదు. ఒకే కాగితం మీద కనిపిస్తే వేరే చెప్పక్కర్లేదు.

కాస్త పెద్ద పిల్లలకు తిథి ఇవ్వండి. ‘సప్తమి ఉ. 9-40 వరకు’ అని గంటలు, నిమిషాలతో ఎందుకు రాస్తారు? తిథి అర్ధరాత్రికి మారే తేదీ లాంటిది కాదు గనక. సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే సమయమే తిథి. చంద్రుడి వేగం ఒకేలా ఉండదు, కాబట్టి అది ఒకప్పుడు 19 గంటల్లో ముగుస్తుంది, ఒకప్పుడు 26 గంటలు సాగుతుంది. పండుగ ఇవాళా రేపా అని ఏటా టీవీల్లో జరిగే రచ్చకు మూలం చాలాసార్లు ఇదే. డాలస్‌లోని మనవడు పండుగ మనకన్నా ఒకరోజు ముందు చేసుకున్నా తప్పు చేసినట్టు కాదు. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే, అక్కడి సూర్యోదయం వేరు, ఆ వేళకు ఉన్న తిథే చాలా పండుగలకు లెక్క.

చిన్నపిల్లలకు పాల లెక్క చాలు. పాలు రాని రోజు గడిలో సున్నా చుట్టించాలి, నెలాఖరుకు నాగాలు తీసేసి డబ్బు ఎంతో చెప్పించాలి. లెక్క తప్పితే పాలబ్బాయే సరిదిద్దుతాడు, మీరు కోప్పడక్కర్లేదు.

ఒక్క పని మాత్రం చేయకండి. క్యాలెండర్‌ను యూనిట్ టెస్టులు, ట్యూషన్లు, ప్రాజెక్టు గడువులతో నింపేస్తే అది ఇంకో టైమ్‌టేబుల్ అవుతుంది. ఇప్పటికే ఉన్న టెస్టులతోనే పిల్లలు చస్తున్నారు, ఇక దాన్ని చూసినా టెన్షనే. కొత్తది తగిలించాక పాతవి పారేయకండి. పోల్చడానికి రెండేళ్లవైనా ఉండాలి.

రాహుకాలం, వర్జ్యం చూపించి పిల్లల్లో భయం పెంచడమెందుకని కొందరు అడుగుతారు. ఆ భయం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ గళ్లను దాచేయడం కన్నా లెక్క విప్పి చూపడం మేలు. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం రాహుకాలం. 12 గంటల పగలైతే గంటన్నర. అయితే హైదరాబాద్‌లో పగలు జూన్ చివర్లో 13 గంటలు దాటుతుంది, డిసెంబరు చివర్లో 11 గంటల పైచిలుకే. అదే గంటన్నరను ఏడాదంతా అచ్చేస్తే ఎలా కుదురుతుంది? ఆదివారం రాహుకాలం సాయంత్రం 4-30 నుంచి 6 దాకా అంటారు. డిసెంబరు చివర్లో 5-50 కల్లా సూర్యుడే వెళ్లిపోతాడు. మరి ఆ చివరి పది నిమిషాలు ఎవరి ఖాతాలో వేయాలని పిల్లలు అడిగితే తాతయ్య దగ్గరికి పంపండి.