ముప్పై మొక్కలు కాదు, రెండు ట్రేలే

బయాలజీ పిల్లలకి ముందు టీ-టెస్ట్, అనోవా ఫార్ములాలు (గుంపుల సగటుల మధ్య తేడాని పరీక్షించే లెక్కలు) వచ్చేయాలని ఒక వ్యాసంలో చదివాను. నేనైతే ప్రయోగం ఎలా అమర్చాలన్నదే ముందు నేర్పమంటాను. శ్రీకాకుళంలో డిగ్రీ ప్రాజెక్టుకి వరి నారు రెండు ట్రేలలో పోశాను. ఒకదానికి వర్మీకంపోస్టు, రెండోదానికి ఏమీ లేదు. ట్రేకి 15 మొక్కలు స్కేలుతో కొలిచి, శాంపిల్ 30 అని దర్జాగా రాసేశాను. పీ విలువ (ఎరువు ప్రభావమే లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) 0.05 కంటే బాగా తక్కువొచ్చింది మరి!

వైవాకొచ్చిన మేడమ్ ఒక్కటే అడిగారు: "కిటికీ పక్కన ఏ ట్రే ఉండేది బాబూ?"

ఎరువేసిందే. అది ఎండ పనో ఎరువు పనో ఇక ఏ టెస్టూ తేల్చలేదు. పైగా ఎరువు వేసింది ట్రేకి, మొక్కకి కాదు. అంటే ఒక్కో రకానికి శాంపిల్ ఒకటే! 1919లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్, ఏ మడికి ఏ ఎరువో మన ఇష్టానికి వదలొద్దన్నది ఇందుకే. మా వంశధార కాలవ పక్క చేలో అయితే కాలవకి దగ్గరి మడులు, దూరపు మడులు విడివిడి బ్లాకులు (గుంపులు) చేసి, ఒక్కో బ్లాకులో ఏ మడికి ఏ ఎరువో చీటీలు తీసి తేల్చాలి.

ఆ ట్రేలలో ఇప్పుడు అమ్మ కొత్తిమీర వేస్తోంది.