ఆల్‌ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్: ఓడ చెక్కలూ లేవు, పన్ను ఎగవేతా లేదు

ఇంగ్లండ్‌లోని సస్సెక్స్‌లో ఆల్‌ఫ్రిస్టన్ అని ఒక పల్లె. అక్కడ చర్చి పక్కనే పద్నాలుగో శతాబ్దపు గడ్డికప్పు ఇల్లుంది. పేరు క్లర్జీ హౌస్, అంటే ఫాదర్ల ఇల్లు. దాని ఫొటోల కింద తిరిగే కథ సారాంశం ఇది: ఫాదర్ల కోసమే ప్రత్యేకంగా వేసిన నమూనా, పాత ఓడల్ని విరగ్గొట్టిన కలప, పన్ను తప్పించుకోవడానికి కింది గోడ దాటి ముందుకు జరిపిన మేడ, పొగగొట్టం కూడా పెట్టుకోలేని పేదరికం, చివరికి పాత కట్టడాల్ని, ప్రకృతి స్థలాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ పది పౌండ్లకు కొన్న మొట్టమొదటి ఆస్తి.

ముందు ఓడల సంగతి. సముద్రం దగ్గర్లోనే ఉంది, ఊరికి దొంగరవాణా చరిత్రా ఉంది కాబట్టి ఈ కథ ఇట్టే అతుక్కుంది. దూలాల్లో ఖాళీ బెజ్జాలు, వంపు తిరిగిన కర్రలు చూపించి ఇదే సాక్ష్యం అంటారు. ఖాళీ బెజ్జమంటే సాధారణంగా తర్వాత తీసేసిన అడ్డగోడదో కిటికీ కమ్మీదో గుర్తు. వంపు కర్రల్ని వంగి పెరిగిన ఓక్ చెట్లలోంచి వడ్రంగులు ఏరి తెచ్చుకునేవారు. ఎండిన ఓక్ ఉలికి లొంగదు, అందుకే పచ్చి కలపనే చెక్కేవారు. చట్రాన్ని నేల మీద పరిచి, అతుకు అతుకుకీ రోమన్ అంకెలు గీసి, విప్పి తెచ్చి ఇంటి స్థలంలో నిలబెట్టేవారు. ఓడ పక్కటెముకలు అలాంటి చట్రంలో ఇమడవు. ఓడ కలపతో కట్టినవి అసలు లేవని కాదు; లండన్‌లోని లిబర్టీ దుకాణం అలాంటిదే, కానీ అది 1924 నాటిది.

పన్ను కథ ఇంకా తేలిక. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఇల్లు ఎంత నేల ఆక్రమించిందో కొలిచి పన్ను వేసిన దాఖలా లేదు. పొయ్యిల లెక్కన పన్ను 1662లో వచ్చింది, కిటికీల లెక్కన 1696లో. మేడ ముందుకు రావడంలో ఉన్నది కాస్త అదనపు చోటు, అంతకంటే ఎక్కువ దర్జా.

పేదరికం మాట దగ్గరే నాకు నవ్వొస్తుంది. దీన్ని వీల్డెన్ హాల్ ఇల్లంటారు. మధ్యలో కప్పు వాసాల దాకా తెరిచి ఉన్న హాలు, రెండు కొసల్లో రెండంతస్తుల గదులు, అన్నిటి మీదా ఒకే కప్పు. నేల మధ్యలో నెగడు, పొగ పైకెక్కి కప్పు సందుల్లోంచి పోయేది. ఇలాంటి ఇళ్ల వాసాల మీద ఆ మసి ఇప్పటికీ కనిపిస్తుంది. అంత ఎత్తు హాలును మేడ వేయకుండా ఖాళీగా వదలడమంటే ఉన్నవాడి పని. పొగగొట్టాలు తర్వాతి తరాల మోజు. పైగా కెంట్, సస్సెక్స్‌లలో కాస్త కలిగిన రైతులు వందల సంఖ్యలో కట్టుకున్నది సరిగ్గా ఈ నమూనానే. ఫాదర్ల కోసం వేరే నమూనా ఏమీ లేదు.

హాలు నేల మాత్రం చూడాల్సిందే. సుద్దరాయి పొడిని దిమ్మిసా కొట్టి, పులిసిన పాలతో గట్టిపరిచారు. మనవాళ్లు మట్టినేలను పేడతో అలికినట్టే. ఇది నిజం. విచిత్రమేమిటంటే ఎవరూ నమ్మనిదీ ఇదొక్కటే.

ఇక కొనుగోలు. 1896లో పది పౌండ్లకు కొన్న మాట వాస్తవమే, కానీ అది నామమాత్రపు ధర. ఇల్లు కూలిపోయే స్థితిలో ఉంది. కాపాడమని తిరిగింది ఆ ఊరి చర్చి ఫాదరే. మరమ్మతుకు అంతకు ఎన్నో రెట్లు కావాల్సి వచ్చింది. ట్రస్ట్‌కు ఇది మొదటి కట్టడం, మొదటి ఆస్తి కాదు. 1895లోనే వేల్స్‌లోని బార్మత్ దగ్గర దినాస్ ఒలై అనే కొండవాలును ఫానీ టాల్బట్ అనే ఆవిడ దానంగా ఇచ్చారు.

ఈమధ్య దీనికి ఇంకో తోక చేరింది: ట్రస్ట్ ఓక్ ఆకు చిహ్నాన్ని ఈ హాల్లోని చెక్కడం చూసే గీశారట. జోసెఫ్ ఆర్మిటేజ్ దాన్ని రూపొందించింది 1930లలో. ఆ చెక్కడమే ప్రేరణ అయి ఉండొచ్చని కొందరి ఊహ. ‘అయి ఉండొచ్చు’ అన్న మాట ఫార్వర్డుల్లో ఎక్కడో జారిపోయింది.