రాష్ట్రం దాటకపోతే ఫెడరల్ (కేంద్ర) చట్టం వర్తించదా? ఆ మెసేజ్ పంపడం ఆపండి

ఒకటే మెసేజ్ ఈ వారంలో ఐదోసారి వచ్చింది, పంపిన ఐదుగురూ బాగా చదువుకున్నవాళ్ళే, నా బాధ కూడా అదే. అందులో ఉన్నదిది: అమెరికా రాజ్యాంగంలోని కామర్స్ క్లాజ్ (వాణిజ్య నిబంధన) ప్రకారం అక్కడి కాంగ్రెస్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటుకి, రాష్ట్రాల మధ్య జరిగే వ్యాపారం మీదే అధికారం, ఒక రాష్ట్రంలో పండి అక్కడే అమ్ముడైన సరుకు జోలికి రాలేదు, 1995లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది, ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టాన్ని కూడా ఇందుకే కొట్టేసింది, కాబట్టి గంజాయి లీగల్ అయిన స్టేట్‌లో వీసా మీద ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు. కింద "మన పిల్లలందరికీ పంపండి" అట.

ఒబామాకేర్‌ని కొట్టెయ్యలేదు. ఇన్సూరెన్స్ కొనితీరాలని జనాన్ని బలవంతపెట్టడం కామర్స్ క్లాజ్ కిందకి రాదని 2012లో ఐదుగురు జడ్జీలు అన్నమాట నిజమే, కానీ కొననివాళ్ళు కట్టే పెనాల్టీని టాక్స్ కింద లెక్కేసి అదే తీర్పులో 5-4తో దాన్ని నిలబెట్టారు. తీర్పులో సగమే చదివి పంపారన్నమాట.

1995 అంటే లోపెజ్ కేసు. శాన్ ఆంటోనియోలో 12వ క్లాసు కుర్రాడు స్కూలుకి తుపాకీ తెచ్చాడు, స్కూలు దగ్గర తుపాకీ ఉంచుకోవడం వ్యాపారం ఎలా అవుతుందని కోర్టు 5-4తో ఆ ఫెడరల్ చట్టాన్ని కొట్టేసింది. చిన్న విషయమేం కాదు, 1930ల తర్వాత ఈ క్లాజ్ హద్దు దాటావని కాంగ్రెస్ చట్టాన్ని అలా కొట్టెయ్యడం అదే మొదలు. కానీ మరుసటి ఏడాదే, ఆ తుపాకీ అంతర్రాష్ట్ర వాణిజ్యంలో తిరిగినదై ఉండాలి అని ఒక ముక్క కలిపి కాంగ్రెస్ ఆ చట్టాన్ని మళ్ళీ తెచ్చింది. కోర్టు గీసిన గీత అసలు ఆర్థిక వ్యవహారమే కానివాటికి, సరుకు సరిహద్దు దాటిందా లేదా అన్నదానికి కాదు.

సరిహద్దు వాదన 1942లోనే ఓడిపోయింది. ఒహైయోలో రాస్కో ఫిల్‌బర్న్ అనే రైతుకి ఫెడరల్ చట్టం కింద గోధుమ కోటా 11.1 ఎకరాలు, ఆయన వేసింది 23. ఎక్కువ పండిన 239 బుషెళ్ళకి (బుషెల్ అంటే అక్కడి ధాన్యం కొలత) 117 డాలర్ల పెనాల్టీ పడింది. నా పశువులకీ, నా ఇంటికీ వాడుకునే గింజలు, బజారుకే వెళ్ళనివాటి మీద మీకేం పని అన్నాడు. ఒక్కడి గింజలు లెక్కలోకి రావు గానీ అందరూ ఇలా చేస్తే దేశమంతా ధర మీద పడుతుంది అని కోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. 1964లో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళని లోపల కూర్చోనివ్వని ఆలీస్ బార్బెక్యూ అనే హోటల్ ఓడిపోయింది కూడా ఈ దారిలోనే, వాళ్ళు కొనే ఆహార సరుకులో దాదాపు సగం వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మాంసమే కాబట్టి. ఈ అధికారాన్ని తేలిగ్గా తీసిపారేసే ముందు, ఆ రోజుల్లో మనం ఆ హోటల్‌కి వెళ్ళుంటే ఎక్కడ నిలబెట్టేవాళ్ళో ఆలోచించండి.

ఇప్పుడు గంజాయి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సరిగ్గా ఇదే ప్రశ్న మీద 2005లో తీర్పు ఉంది, గొంజాలెస్ వర్సెస్ రైచ్. కాలిఫోర్నియాలో ఏంజెల్ రైచ్, డయాన్ మాన్సన్ అనే ఇద్దరు పేషెంట్లు, డాక్టర్ సలహాతో, రాష్ట్ర చట్టం ఒప్పుకున్న మందు వాడుతున్నారు. మాన్సన్ పెరట్లో ఆరు మొక్కలు. అమ్మింది లేదు, సరిహద్దు దాటింది లేదు. ఫెడరల్ ఏజెంట్లు వచ్చి పీకేశారు, సుప్రీంకోర్టు 6-3తో కాంగ్రెస్‌కి ఆ అధికారం ఉందంది. పెరట్లో ఆరు మొక్కలే మినహాయింపు కాకపోతే, మీరు షాపులో డబ్బిచ్చి కొనే గమ్మీలు (గంజాయి కలిపిన మిఠాయిలు) ఎలా అవుతాయి? ఇది వెతకడానికి రెండు నిమిషాలు పట్టదు, ఫార్వర్డ్ కొట్టడానికి మాత్రం అందరికీ తీరికే!

సిటిజన్‌కి దీనివల్ల పెద్దగా ఏమీ కాకపోవచ్చు. మనకి అలా కాదు, ఇమిగ్రేషన్ అనేది ఫెడరల్ వ్యవహారం, అక్కడ స్టేట్ చట్టం అక్కరకు రాదు. కోర్టులో శిక్ష పడక్కర్లేదు, వీసా స్టాంపింగ్‌లోనో ఎయిర్‌పోర్టులోనో ఆఫీసర్ అడిగితే "అవును సార్, మా స్టేట్‌లో లీగలే కదా" అని ఒప్పుకున్నా రానివ్వకపోవడానికి అదే కారణం కావచ్చు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళకీ తప్పదు, స్టేట్‌లో లీగల్ అయినా సిటిజన్‌షిప్‌కి కావలసిన మంచి నడవడిక దీనివల్ల దెబ్బతినొచ్చని 2019లో ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ రాసి మరీ చెప్పింది, గంజాయి కంపెనీలో ఉద్యోగం కూడా అందులో చేరుతుంది. లక్షలు అప్పు చేసి ఎఫ్‌వన్ (స్టూడెంట్ వీసా) మీద వచ్చిన పిల్లాడు ఈ మెసేజ్ నమ్మి ఆఫీసర్ ముందు నిజం చెప్పేస్తే, అప్పు ఎవరు తీరుస్తారు, పంపినవాళ్ళా?

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఈ అధికారాన్ని మరీ సాగదీశారని ఆ మెసేజ్ రాసినవాళ్ళకి అనిపించి ఉంటే, నాకూ అలాగే అనిపిస్తుంది. రైచ్ కేసులో జస్టిస్ థామస్ రాసిన భిన్నాభిప్రాయం చదివినప్పుడు, కొనకుండా అమ్మకుండా పెరట్లో పెంచుకున్నదాన్ని కూడా వాణిజ్యం అంటే ఇక కాంగ్రెస్‌కి హద్దేముంది అన్న వాదనకి నా దగ్గర గట్టి సమాధానం దొరకలేదు. ఒక పక్క వదిలేస్తూ ఇంకో పక్క నిషేధిస్తున్నప్పుడు, రాష్ట్రం లోపలి గంజాయి మీద ఫెడరల్ నిషేధం ఇక అవసరం కాకపోవచ్చని 2021లో ఆయనే మళ్ళీ రాశారు. అయినా అది ఓడిన పక్షం మాట, ఇవాళ నడుస్తున్నది ఆరుగురి తీర్పే.

పంపినవాళ్ళు దయచేసి డిలీట్ చేసి ఊరుకోకండి, ఎవరెవరికి పంపారో చూసుకుని, అందులో స్టూడెంట్లు ఉంటే ఇవాళే ఫోన్ చేసి తప్పని చెప్పండి.