లేయర్లు వేస్తే అది ఫోటో కాకుండా పోతుందా?

ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతూనే ఉంటుంది. సారాంశం ఇది: నిజమైన ఫోటో ఒక్క క్లిక్‌తో వస్తుంది. నాలుగు ఫోటోలు లేయర్లుగా, అంటే ఒకదాని మీద ఒకటి పొరలుగా అతికించి, పై పొర కింది పొరతో ఎలా కలవాలో చెప్పే బ్లెండింగ్ మోడ్ మార్చడం కళ కాదు, అంతా కంప్యూటరే చేస్తుంది. ఫోటోలు దిద్దే ఫోటోషాప్ ప్రోగ్రామ్ వచ్చాకే ఈ జబ్బు పట్టుకుంది. ఇది జనాన్ని మోసం చెయ్యడమే. కింద వరసగా దండాల ఎమోజీలు. కాంపోజిట్లు, అంటే కొన్ని ఫోటోలు కలిపి ఒకటిగా చేసేవి, చేసుకుని బతికేవాణ్ని కాబట్టి ఊరుకోలేకపోయాను.

ముందు ఆ "ఫోటోషాప్ వచ్చాకే" సంగతి. ఫోటోషాప్ వచ్చింది 1990లో. దానిలోకి లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. ఇంగ్లండ్‌లో ఆస్కార్ రేలాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పై పైచిలుకు నెగటివ్‌లు కలిపి ఒకే ప్రింట్ వేసింది 1857లో! అప్పుడూ తిట్టినవాళ్లున్నారు, విక్టోరియా రాణి మాత్రం ఒక కాపీ కొనుక్కుంది. ఆ రోజుల్లోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఇంకో ఫోటోగ్రాఫర్ సముద్రాన్ని ఒక నెగటివ్‌లో, ఆకాశాన్ని ఇంకో నెగటివ్‌లో తీసి కలిపేవాడు. నెగటివ్ పడే అప్పటి ప్లేట్లు నీలం వెలుగును అతిగా పట్టేవి. సముద్రం సరిగ్గా వచ్చేసరికి ఆకాశం తెల్లగా పాలిపోయేది, అందుకని. మన పాత సినిమాల్లో డబుల్ యాక్షన్ కూడా లెన్స్‌కి సగం మాస్క్ కట్టి, ఫిల్మ్ వెనక్కి తిప్పి మళ్లీ తీసిందే.

"ఒక్క క్లిక్" అన్నమాటకి జవాబు వాళ్ల జేబులోనే ఉంది. వెలుగూ నీడా రెండూ సరిగ్గా పట్టే హెచ్‌డీఆర్ పెట్టి ఫోన్‌తో తీస్తే, లోపల కొన్ని ఫ్రేములు కలిసి ఒక ఫోటో అవుతుంది.

"కంప్యూటరే చేసేస్తుంది" అన్నదాని దగ్గర కాసేపు కూర్చోవాలి. మోడ్ వెనక ఉన్నది ఎక్కాల లెక్క. ఫోటోలో ప్రతి చుక్క వెలుగుకూ ఒక విలువ ఉంటుంది: నలుపుకు సున్నా, తెలుపుకు 255. మల్టిప్లై అనే మోడ్‌లో పై పొర విలువను కింది పొర విలువతో గుణించి 255తో భాగిస్తారు. 128, 128 కలిస్తే 64 వస్తుంది, అంటే ముదురుతుంది. పై పొరలో తెలుపు ఉన్నచోట కింది బొమ్మ మారదు. స్క్రీన్ అనే మోడ్ దీనికి తలకిందులు, అక్కడ నలుపు మాయమవుతుంది. ఈ లెక్క కంప్యూటరే చేస్తుంది, ఒప్పుకుంటాను. మిగతా పని చేసి చూడండి.

రాత్రిపూట నల్లగుడ్డ ముందు అగరుబత్తి వెలిగించి, పక్కనుంచి లైటు వేసి పొగను ఫోటో తీయండి. పూజ చేసుకుంటున్న ఒక పెద్దావిడ ఫోటో మీద దాన్ని పెట్టి స్క్రీన్ నొక్కండి. నలుపు పోయి పొగ మిగలాలి కదా? మిగలదు. కంటికి నల్లగా కనిపించిన గుడ్డ విలువ సున్నా కాదు, ఇరవై దాకా ఉంటుంది. అందుకే బొమ్మ మీద పల్చటి బూడిద తెర పరుచుకుని, పొగ ఫోటో అంచు నలుచదరంగా తెలిసిపోతుంది. నలుపు తెలుపుల హద్దులు మార్చే లెవెల్స్‌లో నల్ల స్లైడర్‌ను కుడివైపు జరిపితే గుడ్డ పోతుంది. ఇంకొంచెం జరిపితే పొగ చివర విడిపోయే సన్నటి పోగులు కూడా పోతాయి. అసలు అందం వాటిలోనే ఉంది. ఎక్కడ ఆపాలో ఏ మోడ్ చెబుతుంది?

నీడలూ అంతే. మల్టిప్లై పెట్టి నల్ల బ్రష్‌తో గీస్తే బొగ్గు పూసినట్టుంటుంది. ఆరుబయట ఎండలో పడ్డ నీడకు ఆకాశపు నీలి ఛాయ ఉంటుంది. పాదం దగ్గర అంచు గట్టిగా, దూరం వెళ్లేకొద్దీ మెత్తగా ఉంటుంది. ఇది మెనూలో దొరకదు, ఎండలో నిలబడి చూడాల్సిందే. పెళ్లి ఆల్బమ్‌లో జంటను ఎక్కడిదో మంచుకొండ ముందు నిలబెట్టి, నీడ సంగతే మరిచిపోయినవి నేనూ బోలెడు చూశాను. అవి చెత్తే, వాటిని వెనకేసుకు రాను.

ఇక మోసం. వార్తా ఫోటోలో ఒక పొగమేఘం కలిపినా తప్పే, అక్కడ వాళ్ల మాటే నా మాట. 2006లో లెబనాన్ రాజధాని బేరూత్ మీద పొగను క్లోన్ చేసి, అంటే ఉన్న పొగనే కాపీ చేసి అతికించి, పెంచిన ఫోటోను రాయిటర్స్ వార్తాసంస్థ వెనక్కి తీసుకుంది, తీసుకోవాల్సిందే. కానీ అబద్ధానికి లేయర్లే కావాలా? 1840లో ఇపోలిత్ బయార్ అనే ఫ్రెంచాయన ఫోటో తీసే తన పద్ధతికి గుర్తింపు ఇవ్వలేదన్న కోపంతో, నీళ్లలో మునిగి చచ్చిపోయినట్టు పోజు పెట్టి తన ఫోటో తానే తీసుకున్నాడు. పొరల్లేవు, అతుకుల్లేవు. మనిషి మాత్రం ఆ తర్వాత నలభై ఏళ్లకు పైగా బతికాడు.

నా దగ్గరకొచ్చే పనుల్లో ఎక్కువ భాగం పోయిన పెద్దాయన్ని కుటుంబం ఫోటోలో నిలబెట్టమనేవి. అందులో ఎవరు ఎవర్ని మోసం చేస్తున్నట్టు? ఒకసారి వెలుగు దిక్కు కలవాలని ఆయన బొమ్మను అద్దంలో లాగా కుడి ఎడమలు మారేలా తిప్పేశాను. అందరూ బాగుందన్నారు. ఆయన భార్య కళ్లజోడు సవరించుకుని, "వాచీ కుడిచేతికి ఎందుకొచ్చింది బాబూ? ఆయన ఎడమచేతికే పెట్టుకునేవారు" అంది. చూస్తే చొక్కా జేబు కూడా కుడివైపుకి పోయింది. తిప్పిన బొమ్మను మళ్లీ తిప్పి, ముఖం మీద వెలుగును సాఫ్ట్ లైట్ అనే ఇంకో మోడ్ పొరలో చేత్తో మార్చేసరికి ఇంకో రెండు గంటలు పట్టింది.