మహారాజశ్రీ 44 మాగ్నం గారికి

మహారాజశ్రీ 44 మాగ్నం రివాల్వర్ గారి సముఖమునకు, ఉభయకుశలోపరి.

తమరు డాలస్‌లో మా బట్టల అల్మారాలో, తాళం పెట్టెలో కులాసాగా ఉన్నారు, నాకు తెలుసు. నా మణికట్టే ఇంకా మామూలు కాలేదు. షూటింగ్ రేంజ్‌లో తమరిని పన్నెండుసార్లు పేల్చాను, పదమూడోసారికి ఒక్కో తూటాకి ఎన్ని కొత్తిమీర కట్టలొస్తాయో లెక్క తట్టి మానేశాను.

మా పెళ్లిచూపులు నలభై నిమిషాల్లో అయిపోయాయండీ, తమరిని చూసుకోవడానికి మాత్రం ఆరు నెలలు పట్టింది. అన్నయ్యావాళ్లతో మోంటానాలో గ్లేసియర్ పార్కుకి వెళ్దాం, లోపల అడవిలో రెండు రాత్రులు గుడారం అనుకున్నాం, అక్కడ గ్రిజ్లీ ఎలుగులు ఉంటాయని తెలిసిన రోజు నుంచి నాకు వేరే పని లేదు. 12 గేజ్ షాట్‌గన్‌లో స్లగ్గులు, అంటే ఒంటి పెద్ద గుండ్లు, వేసుకో అని ఒకాయన, దాన్ని మోస్తూ కొండెక్కలేవు, పదిహేను తూటాలు పట్టే 10 ఎంఎం పిస్తోలు కొనుక్కో అని ఇంకొకాయన. 2003లో వచ్చిన 500 మాగ్నం కూడా చేత్తో పట్టి చూశాను, అది ఎలుగుని ఆపుతుందో లేదో గానీ నన్నైతే అక్కడే ఆపేసింది. ఇక 1950ల నుంచి పేరున్న వంశం కదా అని తమరి సంబంధం ఖాయం చేసుకున్నాను. తూటా కూడా తగిలి విచ్చుకునే రకం కాదు, లోతుగా దిగే గట్టి సీసం రకమే తెచ్చాను. ఇంత చదువు బీటెక్‌లో చదివి ఉంటే!

కట్నం కింద వేట లైసెన్స్ అడిగారు చూడండి, అది మాత్రం నేను ఊహించలేదు. హెచ్-1బీ మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకోవడానికి అమెరికా చట్టం మామూలుగా ఒప్పుకోదు, చేతిలో వేట లైసెన్స్ ఉంటే ఒప్పుకుంటుంది. కోడిని కొట్టేటప్పుడు కూడా షాపు బయట నిలబడే నేను కాగితం మీద టెక్సస్ వేటగాణ్ణయ్యాను.

ఎయిర్‌పోర్టులో తమరికి జరిగిన మర్యాద ఇంకా కళ్లలో ఉంది. గట్టి పెట్టెలో తాళం వేసి కౌంటర్ దగ్గర చెప్తే చాలు, చెకిన్ సామానులో ఎక్కేశారు. ఎలుగు మొహాన కొట్టడానికని మా వదిన కొన్న బేర్ స్ప్రేని మాత్రం చెకిన్‌లో కూడా పెట్టకూడదన్నారు. అందులో ఉండేది మిరప ఘాటేనండీ, మనం చెమ్చాతో అన్నంలో కలుపుకునేది. పాపం ఆవిడ అక్కడ దిగాక ఇంకోటి అద్దెకి తీసుకుంది.

పార్కులో తమరి హోదా మరీ విచిత్రం. 2010 నుంచి వెంట పెట్టుకోవచ్చు, పేల్చడం మాత్రం నిషేధం. అంటే ఉత్సవ విగ్రహాన్ని మోసినట్టు మోయాలన్నమాట. మోశాను కూడా, తూటాలతో కలిపి కిలోంబావు పైనే. మొదటి మైలు దాకా నడుముకే ఉన్నారు, బ్యాగు బెల్టుకీ తమరి బెల్టుకీ పడక ప్యాంటు జారిపోతుంటే బ్యాగులోకి మార్చాను.

ఆ మధ్యాహ్నమే కదా మలుపు తిరిగాక, హకిల్‌బెర్రీ పొదల్లో అది కనిపించింది. భుజాల మీద మూపురం, మూతికి బెర్రీ రంగు, మాకూ దానికీ మధ్య నలభై గజాలు. గ్రిజ్లీ గంటకి 56 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు, అంటే ఆ దూరానికి రెండున్నర సెకన్లు చాలు. ఆ లెక్క నాకు కంఠతా వచ్చు. నేను బ్యాగు దించాను, వాన కవరు లాగాను, జిప్పు సగంలో ఇరుక్కుంది, చెయ్యి దూర్చి చేతికందింది బయటికి లాగాను. మామిడి తాండ్ర.

అది వెనక కాళ్ల మీద లేచి వాసన చూసింది. నా అదృష్టం కాకపోతే ఆ వాసన మా తాండ్రదే అయ్యుండేది. వదిన బొటనవేలితో స్ప్రే క్లిప్ తీసి పట్టుకుని, "వెళ్లిపోతున్నాంలేవయ్యా, నువ్వు తిను" అని మెల్లగా తెలుగులోనే చెప్తూ వెనక్కి అడుగులు వేసింది. అది నాలుగు కాళ్ల మీదికి దిగి, పొదల్లోకి పోయింది. స్ప్రే కూడా కొట్టలేదండీ.

తమరి జాతి మీద నాకు కోపం లేదు. గ్రీన్లాండ్‌లో కుక్కల బండ్ల మీద తిరిగే డెన్మార్క్ సిరియస్ దళంవాళ్లు ధ్రువపు ఎలుగుల కోసం 10 ఎంఎం పిస్తోలు పెట్టుకుంటారు, వాళ్ల చేతులకి అలవాటుంది. అలాస్కాలో 1883 నుంచి 2009 దాకా జరిగిన 269 ఘటనలు కూడా పరిశోధకులు తిరగేశారు. తుపాకీ ఉండి వాడినవాళ్లకీ ఉండి వాడనివాళ్లకీ ఫలితంలో తేడా కనిపించలేదట. ఇది తిరిగొచ్చాక చదివాను. కొనేముందు చదివినవన్నీ తమరి కొలతలే.

మా ఉద్దానంలో జీడితోటలకి వెళ్లేవాళ్లు తూటా బరువు గురించి మాట్లాడుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి, చేతికర్రతో, ఊరంతా వినపడేలా కబుర్లు చెప్పుకుంటూ పోతారు. అక్కడా అప్పుడప్పుడు ఎలుగు మీద పడుతుంది, చిన్న విషయమేం కాదు. నేనేమో ఎక్కడ ఎలుగు బెదురుతుందో అన్నట్టు నోరు మూసుకుని నడిచాను.

ఇక అసలు సంగతి. ఆగస్టు 31తో నా వేట లైసెన్స్ గడువు అయిపోతుంది. అది లేకుండా తమరు అల్మారాలో ఉంటే నేను నేరస్థుణ్ణి, వీసా గతి దేవుడెరుగు. అందుకని నిన్న రాత్రి మళ్లీ డబ్బు కట్టాను. టెక్సస్ కుందేళ్లకి ఈ విషయం చెప్పకండి, ఊరికే టెన్షన్ పడతాయి.

ఇట్లు,
తమరి సామాను మోసినవాడు