గొంచరోవా గీసింది, లారియోనోవ్ వాదించాడు

భార్యాభర్తలు కలిసి పనిచేశారంటే చాలు, ఎవరి వాటా ఎంతో తేల్చే పనిలో పడతారు విమర్శకులు. తీర్పు ఎక్కువగా మగవాడి వైపే మొగ్గుతుంది. రష్యన్ చిత్రకారులు నటాలియా గొంచరోవా, మిఖాయిల్ లారియోనోవ్‌ల రంగస్థల అలంకరణను చూస్తే ఆ తీర్పు నిలబడదు.

ఇద్దరూ 1881లో పుట్టినవారే. మాస్కోలో చిత్రకళ చదువుతూ కలిశారు. సిద్ధాంతాలు, ప్రకటనలు, తగాదాలు ఆయన వంతు. అయినా రష్యన్ నిర్వాహకుడు ద్యాగిలెవ్ నడిపిన బాలే బృందం నుంచి మొదటి పిలుపు ఆమెకే వచ్చింది. 1914లో పారిస్‌లో ఆడిన ‘బంగారు కోడిపుంజు’కు ఆమె వేసిన ఎరుపు, పసుపు రంగుల తెరలు సంచలనమయ్యాయి. మరుసటి ఏడాది ఇద్దరూ రష్యా వదిలి ఆ బృందంలో చేరారు.

1921లో ప్రొకోఫియెవ్ సంగీతంతో వచ్చిన బాలే ‘షూ’ (విదూషకుడు) లారియోనోవ్‌ది. తెరలు, దుస్తులు ఆయనవే. నృత్య రూపకల్పనలోనూ చెయ్యి పెట్టాడు. దుస్తులు చూడముచ్చటగానే ఉన్నాయి, కానీ బరువు, బిరుసు. వాటిలో కదలడానికే నర్తకులు అవస్థ పడ్డారు. చిత్రకారుడు నర్తకుడి ఒంటిని మరిచిపోతే ఇంతే.

1923 నాటి బాలే ‘పెళ్లి’ దీనికి పూర్తిగా ఎదురు. స్ట్రావిన్‌స్కీ సంగీతానికి గొంచరోవా మొదట గీసినవి కళ్లు చెదిరే పల్లె పెళ్లి బట్టలు. నృత్య దర్శకురాలు నిజిన్‌స్కా ససేమిరా అంది. ఏళ్ల తరబడి వేసిన నమూనాలను పక్కన పెట్టి, గొంచరోవా ముదురు గోధుమరంగు, తెలుపు దగ్గర ఆగింది. వెనుక దాదాపు ఖాళీ తెర, చిన్న కిటికీ. వధువు భయాన్ని దాచేందుకు అక్కడ ఒక్క అలంకారం లేదు. ఎదుటివారి మాట విని తన బొమ్మను తగ్గించుకోవడం లారియోనోవ్‌కు చేతకాని విద్య అని నా అభిప్రాయం.

అలాగని ఆయన్ని తీసిపారేయలేం. 1915లో బృందంలోని యువ నర్తకుడు మస్సీన్ తొలి నృత్యరూపకల్పనకు వెన్నంటి నిలిచి దారి చూపింది ఆయనే. ద్యాగిలెవ్‌కు సలహాదారు కూడా. ఇలాంటి పనికి పోస్టరు మీద పేరు పడదు.

అన్నట్టు, ఈ బాలేలు తయారైన నాటికి వారు చట్టప్రకారం భార్యాభర్తలు కారు. ఒకరి చిత్రాలు మరొకరికి దక్కాలని 1955లో, డెబ్బై దాటాక, పెళ్లి నమోదు చేయించుకున్నారు. గొంచరోవా 1962లో, లారియోనోవ్ 1964లో కన్నుమూశారు. ‘అగ్నిపక్షి’ కోసం 1926లో ఆమె గీసిన, గోపురాలు కిక్కిరిసిన తెర ఆధారంగానే లండన్ రాయల్ బాలే ఆ నృత్యాన్ని ప్రదర్శిస్తూ వచ్చింది.