‘పదహారు రెట్ల చిప్’ ప్రచారంలో పొంతన లేని లెక్కలు

విజయనగరం, శ్రీకాకుళం ఫోటో స్టూడియోల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. ఫేజ్ చేంజ్ మెమరీ అనే సరికొత్త చిప్‌లో ఒక్కో సెల్ (డేటా దాచే అతి చిన్న గది) 16 స్థాయిలను దాచగలదట, అందువల్ల 16 రెట్లు డేటా పడుతుందట, రాసింది ఎన్నేళ్లయినా చెక్కుచెదరదట, కాబట్టి పెళ్లి వీడియోలూ సిరిమానోత్సవం వీడియోలూ ఉన్న హార్డ్ డిస్కులను ఇప్పుడే అమ్మేసుకోవాలట. దీన్ని ఎవరు రాశారో గానీ, పాత డిస్కులు కొనేవారికి మాత్రం మేలే చేశారు.

మొదట లెక్క చూద్దాం. రెండు స్థాయిలుంటే 1 బిట్ (0 లేదా 1 అనే ఒక అంకె), నాలుగుంటే 2, ఎనిమిదుంటే 3, పదహారుంటే 4. అంటే పెరిగేది నాలుగు రెట్లే. సెల్‌కు 4 బిట్లు దాచే ఫ్లాష్ మెమరీ (పెన్‌డ్రైవ్‌లలో, మెమరీ కార్డుల్లో ఉండే రకం) ఇప్పటికే బజారులో దొరుకుతోంది.

ఇక ‘చెక్కుచెదరదు’ అన్న మాట. ఈ చిప్ డేటాను విద్యుత్ నిరోధం రూపంలో దాస్తుంది. ఇందులో వాడే జెర్మేనియం, యాంటిమొనీ, టెల్లూరియం కలిసిన మిశ్రమాన్ని సుమారు 600 డిగ్రీలకు పైగా వేడిచేసి చటుక్కున చల్లారిస్తే, పరమాణువులు చిందరవందరగా గడ్డకట్టి విద్యుత్ నిరోధం బాగా పెరుగుతుంది. అంతకన్నా తక్కువ వేడిలో కాస్త ఎక్కువసేపు ఉంచితే అవి స్ఫటికంగా కుదురుకుని నిరోధం పడిపోతుంది. ఎంత భాగం ఏ రూపంలో ఉందన్న దాన్ని బట్టి నడిమి స్థాయిలు వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. చిందరవందరగా గడ్డకట్టిన భాగం సద్దుకుంటూ ఉండటం వల్ల దాని నిరోధం, కాలం పది రెట్లయినప్పుడల్లా దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. ఈ లెక్కన రాసిన సెకను తర్వాత కొలిచిన విలువ ఒక రోజు తిరిగేసరికి సుమారు మూడు రెట్లవుతుంది. రెండే స్థాయిలుంటే ఈ పెరుగుదల వాటి మధ్య దూరాన్ని ఇంకా పెంచుతుంది కాబట్టి నష్టం లేదు. పదహారుంటే మాత్రం ఒక స్థాయి పక్క స్థాయిలోకి జరిగిపోయి, చదివేటప్పుడు ఒక అంకెకు బదులు మరొకటి వస్తుంది. జ్యూరిక్‌లోని ఐబీఎం పరిశోధకులు ఈ జరుగుబాటును తట్టుకునే పద్ధతులు వాడి 2016లో సెల్‌కు 3 బిట్లు నిలిపి చూపారు. అయితే ఆ ప్రయోగం జరిగింది 64 వేల సెల్స్ మీద, అంటే మొత్తం 24 కిలోబైట్లు. పెళ్లి కెమెరా తీసే ఒక్క ఫోటోకు కూడా అది చాలదు.

సరికొత్తదన్నదీ సరికాదు. ఇలాంటి మిశ్రమాల నిరోధం మారే ఈ గుణాన్ని అమెరికా ఆవిష్కర్త ఒవ్షిన్‌స్కీ 1968లోనే ప్రకటించారు, 1970లో ఇంటెల్ సహస్థాపకుడు గోర్డన్ మూర్ సహరచయితగా 256 బిట్ల చిప్ గురించి వ్యాసం వచ్చింది. తిరిగి రాయగల డీవీడీని వెలుతురులో వాల్చి చూస్తే, రాసిన మేర వేరే ఛాయలో కనిపించే వలయం కూడా ఈ కుటుంబపు మిశ్రమాల పనే.

బజారు సంగతి చెప్పాలంటే, ఇదే కోవకు చెందిన ఆప్టేన్ అనే మెమరీని 2017లో అమ్మకానికి తెచ్చిన చిప్‌ల సంస్థ ఇంటెల్, ఫ్లాష్ ధరతో పోటీ పడలేక 2022లో ఆ వ్యాపారాన్ని మూసివేస్తున్నట్టు ప్రకటించింది.